మేము ఎంచుకొన్న ఊరు

మన కళాశాల వార్షిక సంచికకు ముఖపత్రాలు రెండు. కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ విభాగం, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు విభాగం. రెండూ నడుమ ఎక్కడో ఒకచోట కలుస్తాయి. ఇంటర్మీడియట్ చదివే రోజులలో మేమిద్దరమూ ఈ సంచికను రెండు వైపుల నుండీ చదివినవారమే. ఇన్ని సంవత్సరాల తరువాత, విదేశీ జీవితానుభవం గూర్చి ఏదైనా వ్రాసి పంపవలసినదిగా గురువర్యులు కోరినప్పుడు, ఏమి వ్రాయాలో తోచక కొంతకాలం మిన్నకున్నాము. అమెరికా వైభవాన్ని వర్ణిద్దామంటే మేము కాపురమున్న అమెరికాలో వైభవం బహు స్వల్పం. మా ఊరి జనసంఖ్య 2020 జనగణన ప్రకారం 1,209. కర్నూలు పాతబస్తీలో ఒక పెండ్లికి అంతకంటె ఎక్కువ మంది వస్తారు. అందుచేత ఆ చిన్న ఊరిని మేము ఎట్లా ఎంచుకొన్నామో, ఎంచుకోవడమంటే ఏమిటో మాకు ఎంత ఆలస్యంగా బోధపడినదో, అదే వ్రాయ నిశ్చయించినాము.

ముందుగా ఒక మనవి. మా ఇద్దరిలో వైద్యవిద్య చదివినది శ్రీమతి, గణితం బోధించినది శ్రీవారు. ఈ వ్యాసం ఇద్దరమూ కూర్చుండి వ్రాస్తున్నాము గనుక ఇందులోని 'మేము' మర్యాద కొరకు కాదు, లెక్క కొరకు.

శ్రీమతి షికాగో నగరంలో వైద్య శిక్షణ పొందుతూ ఉండిన 2008 నుండి 2011 వరకు మేము ఆ మహానగరంలో ఉన్నాము. అక్కడ డెవాన్ అవెన్యూ అనే వీధి ఉన్నది. దానిలో కొంత భాగానికి గాంధీ మార్గ్ అనీ, మరికొంత భాగానికి మహమ్మద్ అలీ జిన్నా వే అనీ గౌరవనామాలు పెట్టినారు. ఆ వీధిలో హైదరాబాదు బిర్యానీ దొరుకుతుంది, గోంగూర దొరుకుతుంది, రంజాను నెలలో హలీము దొరుకుతుంది. పరాయి దేశంలో ఉన్నామన్న స్పృహ వారంలో ఒక్కరోజైనా మరచిపోవడానికి ఆ వీధి చాలును.

కాని శిక్షణ కొరకు జె-1 వీసాపై వెళ్ళిన వైద్యులకు అక్కడి చట్టం ఒక నిబంధన విధించినది. శిక్షణ ముగియగానే రెండు సంవత్సరాలు స్వదేశంలో గడపవలెను. దీనికి ఒక మినహాయింపు కలదు. నార్త్ డకోటా సెనేటరు కెంట్ కాన్రాడ్ చొరవతో 1994లో వచ్చిన ఏర్పాటు అది. వైద్యుల కొరత గల ప్రాంతంలో మూడు సంవత్సరాలు పూర్తికాలం పనిచేయుటకు ఒప్పుకొంటే రెండేళ్ళ నిబంధన తొలగిపోతుంది. ఏటా ఒక్కొక్క రాష్ట్రానికి మొదట 20 మందికి, 2002 నుండి 30 మందికి ఈ అవకాశం కల్పించినారు. వైద్యుల కొరత గల ప్రాంతమంటే మారుమూల పల్లెలే కానక్కరలేదు, నగరాలలోని పేదవాడలు కూడ కావచ్చును. అయినా మిడ్‌వెస్ట్ అని పిలిచే మధ్య పశ్చిమ రాష్ట్రాలలో ఇటువంటి ఉద్యోగాలు అనేకం చిన్న చిన్న ఊళ్ళలోనే ఉంటాయి. మన దేశపు వైద్యులు పేరైనా వినని ఊళ్ళకు వెళ్ళి స్థిరపడడం వెనుక తరచుగా ఈ చట్టమే ఉంటుంది.

స్వదేశానికే తిరిగి పోవచ్చును గదా అని చదువరులు అడుగవచ్చును. మేమూ అడుగుకొన్నాము. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచివేసిన సంగతి మన కళాశాలలో చదివిన ఎవరూ మరువలేరు. మా ఇంటి క్రింది అంతస్తు పూర్తిగా మునిగినది. అమ్మీ, అబ్బా మిద్దెపైన రాత్రంతా గడిపినారు. జీవితమంతా పాఠాలు చెప్పి అబ్బా కూడబెట్టుకొన్న పుస్తకాలన్నీ బురద ముద్దలైనవి. ఆ ఇంటిని తిరిగి నిలబెట్టుటకు డబ్బు కావలెను. చదువు అప్పులు తీరవలసి ఉన్నవి. వీటితో పాటు, ఇంత దూరం వచ్చి సగంలో తిరిగిపోవడమెందుకన్న ఆశ కూడ మాలో ఉండెనని ఒప్పుకోకపోతే అసత్యదోషం వస్తుంది.

ఈ మినహాయింపుకు మరొక మూల్యం ఉన్నది. శ్రీవారు షికాగోలో అనుమతి పొంది ఒక కళాశాలలో గణితం చెబుతుండేవారు. శ్రీమతి వీసా మారితే వారిది హెచ్-4 అవుతుంది, ఆనాటి చట్టం ప్రకారం ఆ వీసాపై ఉన్నవారు జీతానికి పని చేయరాదు. అనగా ఊరు ఏదైనా, ఆ ఊరిలో ఒకరికి తీరిక లేని పని, ఒకరికి పనిలేని తీరిక.

2010 వేసవిలో మేము ఊళ్ళ వేటకు బయలుదేరినాము. గణితోపాధ్యాయుడున్న ఇల్లు గనుక ఒక పట్టిక తయారైనది. పాఠశాలకు 20 మార్కులు, మసీదుకు 20, హలాల్ మాంసానికి 10, విమానాశ్రయానికి 10, మన సరుకుల అంగడికి 10, ఇరుగుపొరుగున మనవారుంటే 10, ఆసుపత్రిలో పనిభారానికి 20. మొత్తం నూరు. ఏ ఊరికి ఎక్కువ మార్కులు వస్తే ఆ ఊరికే పోవాలని ఒప్పందం.

మొదట చూచినది ఇల్లినాయ్ రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్. జనసంఖ్య సుమారు 32,000. కవి కార్ల్ శాండ్‌బర్గ్ 1878లో జన్మించినది ఆ ఊరిలోనే. 1858లో అబ్రహాం లింకను, స్టీఫెన్ డగ్లస్‌ల ప్రసిద్ధ వాగ్వాదాలలో ఒకటి అక్కడి నాక్స్ కళాశాల భవనం ముందర జరిగినది. పెద్ద రైలు కూడలి, రాత్రంతా గూడ్సుబండ్ల కూతలు వినవస్తాయి. షికాగోకు మూడు గంటలలో రైలు. శీతల యంత్రాలు తయారుచేసే పెద్ద కర్మాగారం 2004లో మూతపడడంతో పని పోగొట్టుకొన్న కుటుంబాలు అనేకం. ఖాళీ దుకాణాల అద్దాలలో ఆ దిగులు మాకు కనిపించినది. మా పట్టికలో 68 మార్కులు.

రెండవది అయోవా రాష్ట్రపు వాయవ్య భాగంలోని స్టార్మ్ లేక్. జనసంఖ్య సుమారు 10,600. చక్కని సరస్సు ఒడ్డున వెలసిన ఊరు. 1975లో వియత్నాం యుద్ధం ముగిసిన తరువాత లావోసు ప్రాంతపు తాయి డామ్ శరణార్థులను రాబర్ట్ రే అనే గవర్నరు అయోవాకు ఆహ్వానించినారు. ఆ విధంగా ఆరంభమైన వలస తరువాత మెక్సికో మొదలైన దేశాలవారితో పెరిగి, ఆ ఊరి బడిపిల్లల ఇండ్లలో ఎన్నో భాషలు వినిపించే స్థితి వచ్చినది. పరాయివారిని చూచి ఎవరూ తల త్రిప్పి చూడని చిన్న ఊరు అమెరికాలో మాకు అదే మొదటిది. కాని ఆ ఊరి జీవనాధారం మాంసపు కర్మాగారాలు, వాటిలో ముఖ్యమైనది పందిమాంసం. గాలి తిరిగినప్పుడల్లా ఆ వాసన ఊరంతా వ్యాపిస్తుంది. వైద్యునికి రోగి ఏ పని చేసినా రోగియే. ఆ సంగతి మాకు తెలుసును. అయినా మనస్సు వెనుకాడినది. 57 మార్కులు.

మూడవది ఎల్కేడర్. అయోవా ఈశాన్య మూలన, క్లేటన్ కౌంటీకి ముఖ్యపట్టణం. అయోవా అంటే బల్లపరుపు నేల అని విన్న మాకు అక్కడి కొండలు, సున్నపురాతి లోయలు ఆశ్చర్యం కలిగించినవి. పూర్వపు హిమానీనదాలు ఆ భాగాన్ని చదును చేయలేదట. ఊరి నడుమ టర్కీ నది. ఆ పేరు తుర్కీ దేశాన్ని బట్టి వచ్చినది కాదు, టర్కీకోడిని బట్టి వచ్చినది. నదిపైన 1889లో కట్టిన రెండు కమానుల రాతి వంతెన. ఆనాటి జనసంఖ్య 1,273.

ఆ ఊరి పేరు వెనుక ఒక కథ కలదు. ఫ్రెంచివారు అల్జీరియాను ఆక్రమించినప్పుడు 1832 నుండి 1847 వరకు వారిని ఎదిరించి పోరాడిన వీరుడు అమీర్ అబ్దుల్ ఖాదిర్. ఆ పోరాటం సాగుతుండగానే, 1846లో, తిమోతి డేవిస్ అనే న్యాయవాది, ఆయన సహచరులు ఇద్దరు కలిసి ఈ ఊరికి పునాది వేసి, వార్తాపత్రికలలో చదివిన ఆ దూరదేశపు వీరుని పేరు పెట్టినారు. ఊరివారి నోట అది ఎల్కేడర్ అయినది. 1984 నుండి అల్జీరియాలోని మస్కరా నగరం ఈ ఊరికి సోదర నగరం. ఈ వృత్తాంతమంతా ఫోనులో విన్న అబ్బా ఒక నిమిషం ఆలోచించి నవ్వినారు. "అబ్ద్ అంటే దాసుడు, అల్ ఖాదిర్ అంటే సర్వశక్తిమంతుడు. దాసుణ్ణి వదిలిపెట్టి యజమానిని మాత్రం ఉంచుకొన్నారన్నమాట, తెలివిగలవారే!" అన్నారు.

మేము ఆ ఊరు చూడబోయినది ఆగస్టు నెలలో. అది రంజాను మాసం. మాకు ఉపవాసమని తెలియక ఆసుపత్రివారు మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేసినారు. విషయం తెలిసి తొట్రుపడినారు. అక్కడివారు సాయంత్రం ఆరు గంటలకే భోంచేసి ముగించే అలవాటు గలవారు. అటువంటివారు ఆ విందును సూర్యాస్తమయం దాకా, అనగా రాత్రి ఎనిమిది గంటల దాకా, వాయిదా వేసి, తామూ తినక వేచియుండినారు. ఖర్జూరాలు మా సంచిలోనే ఉన్నవి, అందరికీ ఒక్కొక్కటి పంచినాము. బల్లకు అటువైపున కూర్చున్న ఒక వృద్ధ రైతు ఖర్జూరం నమలుతూ మమ్ములను ఒకే ప్రశ్న వేసినారు.

"ఎన్నాళ్ళుంటారు?"

ఇంకా రానేలేదు, ఎప్పుడు పోతారని అడుగుతున్నారే అని మాకు మనస్సులో కష్టం తోచినది. ఒప్పందం ప్రకారం మూడేళ్ళని చెప్పినాము. ఆయన తల ఊపి, మరేమీ అడుగలేదు.

ఎల్కేడర్‌కు మా పట్టికలో వచ్చినవి 34 మార్కులు. మసీదు లేదు, హలాల్ మాంసం లేదు, మన సరుకులు లేవు, మనవారు లేరు.

తిరుగు ప్రయాణంలో సీడర్ రాపిడ్స్ నగరంలో ఆగినాము. అది ఎల్కేడర్‌కు సుమారు 75 మైళ్ళ దూరం. అక్కడ అమెరికాలో మసీదు కొరకే కట్టినవాటిలో నేటికీ నిలిచియున్న అతి ప్రాచీనమైన మసీదు కలదు. లెబనాను, సిరియా ప్రాంతాల నుండి వచ్చి, సరుకుల మూటలు మోసుకొని పల్లె పల్లె తిరిగి అమ్ముకొన్న వలసదారుల కుటుంబాలు, దేశమంతా ఆర్థిక మాంద్యంలో మునిగియున్న 1934లో దానిని పూర్తిచేసినవి. నెత్తిన చిన్న గుమ్మటం గల తెల్లని చెక్క కట్టడం అది, మన పేటలోని మసీదులలో సగం కూడ ఉండదు. సమాజం పెరిగి 1971లో పెద్ద కట్టడానికి తరలిపోయిన తరువాత అది చేతులు మారి, పాడుపడి, 1990లలో మరల మసీదుగా ప్రాణం పోసుకొన్నది. 2008 జూన్ వరదలలో దాని నేలమాళిగ మునిగి, దాచుకొన్న పాత కాగితాలు పాడైనవి. ఆ మాట విన్నప్పుడు అబ్బా పుస్తకాలు మా కళ్ళముందు మెదిలినవి. అదే నెలలో ఎల్కేడర్‌లో టర్కీ నది కూడ పొంగినది. నది ఒడ్డున కాపురమున్నవారి దుఃఖం మాకు అనువాదం లేకుండానే అర్థమవుతుంది.

ఆ రాత్రి కర్నూలుకు ఫోను చేసినాము. బంధువులందరూ జీతమెంత, ఇల్లు ఇస్తారా, బడి ఎట్లున్నదని అడిగినారు. అబ్బా మాత్రం, "బేటా, ఆ దగ్గరలో మనవారి ఖబరస్తాన్ ఉన్నదా?" అని అడిగినారు. ఉన్నదని చెప్పగలిగినాము. సీడర్ రాపిడ్స్ ముస్లిములు 1948లో తమకంటూ ఒక శ్మశానవాటిక ఏర్పరచుకొన్నారు. "అయితే పరవాలేదు. నమాజుకు చోటు ఎక్కడైనా దొరుకుతుంది, మట్టికి చోటు ముందుగా చూచుకోవలె" అన్నారు. మా పట్టికలో ఆ అంశం లేనేలేదు.

గేల్స్‌బర్గ్ ఉద్యోగం మరొకరికి దక్కినది. మిగిలిన రెండింటిలో స్టార్మ్ లేక్‌కు మార్కులు ఎక్కువ. అయినా మేము ఎల్కేడర్‌కే సంతకం చేసినాము. ఎందుకని అడిగితే ఆనాడు గొప్ప కారణాలు చెప్పేవారము. నిజం చెప్పాలంటే మూడే కారణాలు. ఒకటి, ఆ ఎనిమిది గంటల విందు. రెండు, అబ్బా ప్రశ్న. మూడు, అమీరు పేరు గల ఊరిలో ఉంటున్నామని నలుగురికీ చెప్పుకోవచ్చునన్న ముచ్చట. పైగా మూడేళ్ళే గదా అన్న ధైర్యం.

2011 జులైలో కాపురం పెట్టినాము. ముచ్చట మొదటి చలికాలానికే తీరిపోయినది. పేరు అమీరుది కావచ్చును, ఊరిలో సలాముకు బదులు చెప్పేవారు మేము తప్ప లేరు. శ్రీమతికి పగలు ఆసుపత్రి, వంతు వచ్చిన రాత్రులు అత్యవసర విభాగం. శ్రీవారికి వంట, మంచు ఎత్తిపోయడం, నాలుగేళ్ళ బిడ్డ పోషణ. అల్లుడు ఇంట్లో వంట చేస్తున్నాడట అన్న వార్త కర్నూలులో మా ఇంటికన్నా ముందు వీధి చివరి అంగడికి చేరినది. జుమా నమాజుకు రానుపోను 150 మైళ్ళు. కొన్ని శుక్రవారాలు పోయినాము, ఎక్కువ శుక్రవారాలు పోలేకపోయినాము. పరాయి మతపు వైద్యురాలి చేత చూపించుకోనని చెప్పి, తన పాత జబ్బుతో యాభై మైళ్ళ అవతలి ఊరికి కారు నడుపుకొని పోయిన పెద్దమనిషి కూడ ఉన్నారు. ఆయన చివరి వరకూ మా దగ్గరకు రాలేదు. కథలలో వలె ఆయన మనస్సు మారినదని వ్రాయలేము.

శ్రీవారు ఊరి గ్రంథాలయంలో సాయంత్రాలు కూర్చుండి బడిపిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టినారు. జీతం పుచ్చుకోరాదని చట్టం, ఉచితంగా చెప్పరాదని కాదు. మొదట ఇద్దరు వచ్చినారు. వసంతకాలానికి పదునొకండు మంది అయినారు.

2014 జనవరిలో, మంచు మోకాటి లోతున పడియుండగా, అబ్బా కర్నూలులో కాలం చేసినారు. మా ఆచారం ప్రకారం ఖననం ఆ రోజే జరుగవలెను. మేము ఇల్లు చేరడానికి రెండు రోజులు పట్టును. పైగా దేశం విడిచి పోతే పాస్‌పోర్టులో వీసా ముద్ర మరల వేయించుకోనిదే తిరిగి రావడం కుదరదు, దానికి ఎన్నాళ్ళు పట్టునో చెప్పగలవారు లేరు. మేము పోలేదు. మట్టిని గూర్చి మమ్ములను అడిగిన వారికి పిడికెడు మట్టి వేసే భాగ్యం మాకు లేకపోయినది.

మూడవనాడు తలుపు తట్టిన చప్పుడైనది. ఎవరి ద్వారా తెలిసినదో, ఇరుగుపొరుగువారు వంటకాల గిన్నెలు తెచ్చినారు. ఆ ప్రాంతంలో చావు ఇంటికి వండి తెచ్చుట ఆచారం. మన దేశంలోనూ అంతే గదా. ప్రతి గిన్నె మూతపైన ఒక కాగితం ముక్క అంటించియున్నది. "పందిమాంసం లేదు" అని వ్రాసినారు. ప్రక్కింటి వృద్ధురాలి గిన్నెపైన మరొక మాట అదనంగా ఉన్నది: "జెలటిన్ కూడ లేదు." జెలటినును పంది చర్మం నుండి కూడ తీస్తారని ఆమెకు ఎవరు చెప్పినారో మాకు తెలియదు. ఆ చలిలో, ఆ వయస్సులో, దుకాణంలో నిలబడి డబ్బాలపైని సన్నని అక్షరాలు చదివి ఉంటారు. ఆ కాగితం ముక్క నేటికీ మా ఇంట అబ్బా ఫొటో వెనుక ఉన్నది.

మూడేళ్ళ గడువు 2014 జులైతో ముగిసినది. షికాగో శివారులోని ఒక ఆసుపత్రి నుండి పిలుపు వచ్చినది. మంచి జీతం, నడిచి పోగల దూరంలో మసీదు, బిడ్డకు ఖురాను చెప్పే బడి, ఉర్దూ మాట్లాడే నేస్తాలు. పాత పట్టిక తీసి మరల మార్కులు వేసినాము. ఆ శివారుకు 91, ఎల్కేడర్‌కు మూడేళ్ళ అనుభవం కలిపినా 41. గణితం ఎన్నడూ అబద్ధమాడదు. రాజీనామా లేఖ కూడ వ్రాసినాము, తేదీ మాత్రం వేయలేదు.

ఆ వారంలోనే, మొదటి విందులో ఖర్జూరం నమలుతూ ప్రశ్న వేసిన ఆ వృద్ధ రైతు మామూలు పరీక్షకు వచ్చినారు. మధుమేహం, రక్తపోటు ఉన్న మనిషి. ఒప్పందం ముగిసిన సంగతి ఊరందరికీ తెలుసును. ఆయన దానిని గూర్చి మాట్లాడలేదు. పరీక్ష అయిన తరువాత లేచి, టోపీ చేతపట్టుకొని, "డాక్టర్ గారూ, ఆరు నెలల తరువాత రమ్మంటున్నారు గదా. ఆ తేదీ ఇప్పుడు వ్రాయించుకోనా, వద్దా?" అని అడిగినారు.

ఆ ప్రశ్న ఎంత కాలంగా అడుగుతున్నారో శ్రీమతికి నర్సు తరువాత చెప్పినది. అంతకు ముందు వచ్చిన వైద్యులలో కొందరు మూడేళ్ళు నిండిన నెలలోనే వెళ్ళిపోయినారట. వారి తప్పు ఏమీ లేదు, చట్టం అడిగినంత చేసినారు. కాని ప్రతిసారీ ఊరివారు తమ జబ్బుల చరిత్ర మొదటి నుండి మరొక కొత్తవారికి చెప్పుకోవలసి వచ్చెడిది. "ఎన్నాళ్ళుంటారు?" అన్నది మమ్ములను పొమ్మనే ప్రశ్న కాదు. అది పలుమార్లు దెబ్బతిన్నవారి ప్రశ్న. మేము ఊళ్ళకు మార్కులు వేస్తున్నామని మురిసిపోయిన ఆ వేసవిలో, ఒక ఊరు కూడ మాకు తన పట్టికలో మార్కులు వేసినది. ఆ పట్టికలో ఉన్నది ఒకే అంశం. మేము మూడేళ్ళని చెప్పి, అందులో తప్పినాము.

శ్రీమతి తేదీ ఇచ్చినారు. 2015 జనవరిలో ఒక మంగళవారం. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు శ్రీవారు చాలసేపు మాట్లాడలేదు. ఆయన కోల్పోతున్నది చిన్నది కాదు. ఆ రాత్రి మేము అమీరును గూర్చి మాట్లాడుకొన్నాము. ఆయన కథలో మేము అంతవరకు లెక్కలోనికి తీసుకోని భాగం ఒకటి ఉన్నది. 1847లో లొంగిపోయిన తరువాత ఫ్రెంచివారు ఆయనను 1852 వరకు తమ దేశంలో నిర్బంధించినారు. పిమ్మట ఆయన చేరుకొన్న డమాస్కస్ ఆయన పుట్టిన గడ్డ కాదు. కాని 1860లో అక్కడ క్రైస్తవులపై మారణకాండ చెలరేగినప్పుడు, తన మనుషులను వీధులలోనికి పంపి, తన ఇంటి తలుపులు తెరిచి, వేలాది మందిని కాపాడినారు. క్రైస్తవ రాజ్యం చేతిలో సర్వమూ పోగొట్టుకొన్నవాడు పొరుగున ఉన్న క్రైస్తవులకు కాపు కాసినాడు. ఆ ఊరికి ఆయన వచ్చి అప్పటికి అయిదేళ్ళే. 1883లో అక్కడే మరణించినారు. అల్జీరియా 1962లో స్వతంత్రమైన తరువాతనే ఆయన అవశేషాలను స్వదేశానికి తీసికొనిపోయినారు. మట్టికి ఏ చోటు అన్న ప్రశ్నకు ఆయన బ్రతికుండగా జవాబు దొరకలేదు. బ్రతికి ఉన్నప్పుడు ఎవరి పొరుగున ఉన్నామన్న ప్రశ్నకు మాత్రం ఆయన జవాబు చెప్పి పోయినారు. మేము మూడేళ్ళు ఆయన పేరు చెప్పుకొని తిరిగినాము, ఆయన పని వైపు చూడలేదు.

రాజీనామా లేఖ చించివేసినాము. ఎల్కేడర్‌ను మేము ఎంచుకొన్నది 2010లో కాదు. అప్పుడు ఎంచుకొన్నది చట్టం, మేము సంతకం చేసినాము. వెళ్ళిపోయే స్వేచ్ఛ చేతిలో ఉన్న రోజున చేసినదే ఎంపిక.

దీనితో అంతా సుఖాంతమైనదని వ్రాస్తే చదువరులను మోసం చేసినట్లే. 2015 మే నెలలో నిబంధన మారి, హెచ్-4 వీసాపై ఉన్న కొందరు భార్యాభర్తలకు పనిచేసే అనుమతి లభించుటకు దారి ఏర్పడినది. మరుసటి సంవత్సరం శ్రీవారు దగ్గరలోని ఒక కళాశాలలో మరల సుద్దముక్క పట్టినారు. ఆ మధ్య పోయిన అయిదేళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. 2019 జనవరి చివర సున్నాకు ముప్పది డిగ్రీల సెల్సియస్ దిగువకు చలి దిగిన రాత్రి, కారు కదలక, శ్రీమతి ఆసుపత్రికి పొరుగువారి ట్రక్కులో వెళ్ళినారు. జుమాకు నేటికీ 75 మైళ్ళే. అన్నింటికంటె పెద్ద నష్టం మా బిడ్డది. ఆమె మంచి పిల్ల. ఉన్నత పాఠశాలలో ఉపవాసమున్నది ఆమె ఒక్కతే, దానిని గూర్చి అడిగినవారందరికీ ఓపికగా చెప్పినది. కాని ఉర్దూ గాని తెలుగు గాని వ్రాయను చదువను రాదు. ఇంట మాట్లాడిన నాలుగు మాటలే ఆమె ఆస్తి. ఈ సంచిక మా ఇంటికి చేరినప్పుడు ఆమె దానిని ఏ వైపు నుండి తెరిచినా చదువలేదు. మేము ఉండిపోయినందుకు చెల్లించిన మూల్యాలలో ఇది లెక్కకు అందనిది, దీనిని ఆమె అనుమతి అడుగకుండానే చెల్లించినాము. ఇది ఆమెకు వినిపించి, అనువదించి చెప్పినాము. "వ్రాయండి, నిజమే గదా" అన్నది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీలో పలువురు రేపు హైదరాబాదుకో, బెంగుళూరుకో, సముద్రాల అవతలికో పోతారు. పోవలసినదే. ఊరిని ఎంచుకొనేటప్పుడు మా వలెనే పట్టిక వేసుకొనండి, అది తప్పు కాదు. బడి, మసీదు, జీతం, అంగడి అన్నీ చూచుకొనండి. ఆ పట్టిక అడుగున మరొక గీత గీసి, ఆ ఊరు మీ నుండి ఏమి ఆశించి ఎదురుచూస్తున్నదో కూడ వ్రాసుకొనండి. దానికి ఎన్ని మార్కులన్నది మేము చెప్పజాలము. మేము చెల్లించిన మూల్యం మీరూ చెల్లించవలెనని కూడ అనము. మొదటే వ్రాసుకొనియుంటే కనీసం బిడ్డకు అక్షరాలు నేర్పుకొనియుండేవారము.

గత సంవత్సరం ఆసుపత్రికి ఒక యువ వైద్యుడు వచ్చినాడు. మూడేళ్ళ ఒప్పందం, కొత్తగా పెండ్లి అయినది, భార్య కళ్ళలో మేము ఎరిగిన ఆ దిగులే. మా ఇంటికి భోజనానికి పిలిచినాము. ప్రక్కింటి వృద్ధురాలూ వచ్చినారు. అన్నం వడ్డిస్తూ, ఏమి అంటున్నామో మాకే తెలియక, మేమిద్దరమూ ఒక్కసారే అడిగివేసినాము.

"ఎన్నాళ్ళుంటారు?"

ఆ పిల్లవాడి ముఖం చిన్నబోయినది. వృద్ధురాలు మా వైపు చూచి నవ్వినారు. మేము సిగ్గుపడి, అతనికి మరి కొంచెం కూర వడ్డించినాము.